పాత కారు: మీటరులో కనిపించని వయసు

హైదరాబాద్ రోడ్ల మీద ఏపీ 09 నెంబరు కార్లు ఇప్పటికీ కొల్లలుగా కనిపిస్తాయి. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయాక ఖైరతాబాద్ బండ్లకు టీఎస్ 09 పడింది. 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది. అటు ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా జిల్లాకు ఏపీ 16, విశాఖకు ఏపీ 31 అంటూ జిల్లాకో అంకె ఉండేది. 2019లో అన్ని జిల్లాలకూ కలిపి ఏపీ 39 వచ్చింది. కాబట్టి హైదరాబాద్‌లో ఏపీ 09 బోర్డు కనిపించిందంటే ఆ కారుకు పదేళ్లు ఎప్పుడో దాటాయని పక్కనున్న పిల్లవాడు కూడా చెప్పగలడు. ఈ కార్లలో చాలావరకు మొదటి యజమాని దగ్గర లేవు. రెండో చేయి, మూడో చేయి మారి, మొదటిసారి కారు కొనే కుటుంబాల ఇళ్ల ముందుకు చేరాయి.

ఆ చేతులు మారే చోటు ఆటో కన్సల్టెన్సీ. రోడ్డు వారగా వరసలో నిలబెట్టిన కార్లు, అద్దాల మీద తెల్లరంగుతో మోడల్ సంవత్సరం, టైర్లకు నల్లగా పాలిష్. అక్కడ వినిపించే మాట ఊరేదైనా ఒకటే: “డాక్టరుగారు వాడిన బండి సార్, ఆదివారం గుడికి తప్ప బయటికి తీయలేదు. తిరిగింది నలభై రెండు వేలే.” ఇన్ని లక్షల కార్లను గుడికి మాత్రమే తిప్పిన డాక్టర్లు ఎక్కడున్నారో గానీ, ఆ మాట చెవిన పడగానే కొనేవాళ్ల చూపు మీటరు మీదికి పోతుంది. నలభై రెండు వేలా! అయితే ఇంకా కొత్తదే.

మీటరు తిప్పడం పెద్ద విద్యేమీ కాదు. పాతకాలం పళ్లచక్రాల మీటరును విప్పి తిప్పేవారు, ఇప్పటి డిజిటల్ మీటరుకు చిన్న పరికరం తగిలిస్తారు. అయితే కారులో మరికొన్ని మీటర్లున్నాయి, వాటిని తిప్పడం అంత తేలిక కాదు. బ్రేకు పెడల్ మీది రబ్బరు గాళ్లు అరిగి నున్నబడ్డాయా, స్టీరింగు మీద చేయి ఆనేచోట మెరుపెక్కిందా, డ్రైవరు సీటు కుడి అంచు కుంగిందా చూస్తే చాలు, నలభై రెండు వేలో లక్షన్నరో తెలిసిపోతుంది. కంపెనీ సర్వీసు సెంటరులో చేయించిన బండి అయితే ప్రతి సర్వీసుకూ ఎంత తిరిగిందో వాళ్ల కంప్యూటరులో ఉంటుంది. అమ్మేవారిని వెంటబెట్టుకుని వెళ్లి అడిగితే సంగతి బయటపడుతుంది. వెళ్లడానికి అమ్మేవారు వెనకాడితే, అదీ ఒక సమాచారమే.

అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటుంది. మీటరు నిజమే చెబుతోందని అనుకున్నా, అది కారు వయసు చెప్పదు. తిరగకపోయినా ముసలివయ్యేవి పాత కారులో రెండున్నాయి. ఒకటి రబ్బరు, రెండోది కాగితాలు. పాత కారు కొన్నవారి జేబుకు పడే పెద్ద చిల్లులు ఎక్కువగా ఈ రెండింటి వల్లే.

ముందు రబ్బరు సంగతి. ఉదాహరణకు 2010లో రిజిస్టరైన హ్యుందాయ్ శాంత్రోను తీసుకుందాం. 1,086 సీసీ పెట్రోలు ఇంజిన్, మన ఊళ్లలో ఏ మెకానిక్కు అయినా కళ్లు మూసుకుని విప్పగల బండి. ఆ ఇంజిన్ పక్కన టైమింగ్ బెల్టు ఉంటుంది. కింద పిస్టన్ ఎప్పుడు పైకొస్తుందో, పైన వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో ఆ రెండింటికీ లంకె పెట్టేది ఈ పళ్ల రబ్బరు బెల్టే. సాధారణంగా అరవై వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య దీన్ని మార్చాలి. లేదా కంపెనీ చెప్పిన ఏళ్లు నిండాక మార్చాలి. ఈ రెండో షరతును ఎవరూ పట్టించుకోరు. పదిహేనేళ్లలో నలభై రెండు వేలే తిరిగిన కారులో మొదటి బెల్టే ఉండిపోయే అవకాశం ఎక్కువ, ఎందుకంటే మార్చే కిలోమీటర్లు రానే లేదు. రబ్బరు మాత్రం వేడికి గట్టిపడి, బీటలు వారి సిద్ధంగా ఉంటుంది. చాలా ఇంజిన్లలో నడుస్తుండగా ఈ బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి. అప్పుడు హెడ్ దించాల్సిందే. ముందే మార్చి ఉంటే ఐదారు వేలతో పోయేది పాతిక ముప్ఫై వేలకు ఎక్కుతుంది. మారుతి 800లోనూ ఇదే రకం బెల్టు ఉంటుంది. 2010 నుంచి వ్యాగన్ ఆర్‌లో వచ్చిన కె సిరీస్ ఇంజిన్‌కూ, స్విఫ్ట్ డీజిల్‌లోని ఫియట్ 1.3 లీటర్ ఇంజిన్‌కూ బెల్టు బదులు గొలుసు ఉంటుంది. ఇది తెలుసుకుని బేరానికి దిగడం మంచిది. బెల్టు మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క, ఆ మేరకు ధర తగ్గించాలి.

టైర్లదీ ఇదే కథ. గాళ్లు లోతుగా ఉన్నాయని మురిసిపోయేముందు టైరు పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు చూడాలి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. పదేళ్లు దాటిన టైరును, గాడి ఎంత లోతున్నా, తీసేయమని కొన్ని టైరు కంపెనీలే చెబుతాయి. ఏప్రిల్ మధ్యాహ్నం విజయవాడ నుంచి హైదరాబాద్ బయల్దేరిన కారుకు సూర్యాపేట దగ్గర టైరు పేలితే, ఆ నాలుగంకెలు ముందే చదివి ఉండాల్సిందని అప్పుడు తెలుస్తుంది. నల్ల పాలిష్ పూసేది ఆ బీటలు కనపడకుండా ఉండటానికే.

ఇక సస్పెన్షన్ బుష్‌లు, ఇంజిన్ మౌంట్లు, రేడియేటరు గొట్టాలు, బ్రేకు హోసులు, ఇంజిన్ ఆయిల్ సీళ్లు అన్నీ రబ్బరువే. ఒక్కొక్కటీ వందల్లోనో, వెయ్యి రెండు వేలలోనో పోతుంది. కానీ అవి ఒకే రోజు పుట్టాయి కాబట్టి ఇంచుమించు ఒకేసారి పోతాయి. “నెలకోసారి షెడ్డుకు పోతోంది” అని పాత కారు ఓనరు విసుక్కోవడానికి కారణం ఇదే. మెకానిక్ మోసం చేస్తున్నాడని అనుమానం వస్తుంది. అలాంటి మెకానిక్కులూ ఉంటారు. కాకపోతే చాలాసార్లు తప్పు బండి వయసుదే.

ఈ మధ్య దీనికి పెట్రోలు కూడా తోడైంది. 2025కల్లా దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చేసింది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో చాలావాటి ఇంధన పైపులు, సీళ్లు దీన్ని ఉద్దేశించి చేసినవి కావు. ఇథనాల్ కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది లేదా పెళుసెక్కిస్తుంది, గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. పెట్రోలుతో పోలిస్తే దానిలోని శక్తి మూడోవంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గక తప్పదు. పాత రకం కార్లలో ఈ తగ్గుదల 6, 7 శాతం దాకా ఉండవచ్చని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ప్రణాళికే చెప్పింది. దీనివల్ల కారు రేపే ఆగిపోతుందని భయపెట్టేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు. పెట్రోలు పైపులు, గాస్కెట్లు ఓసారి మార్పించుకుని, ట్యాంకు నిండా పెట్రోలుతో నెలల తరబడి కారును కదలకుండా పెట్టకపోతే చాలావరకు సరిపోతుంది. ఆదివారం మాత్రమే కదిలే ఆ డాక్టరుగారి బండికే ముప్పు ఎక్కువ.

వేడి గురించి తెలుగునాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రేడియేటరులో కూలెంట్ బదులు బోరునీళ్లు పోసే అలవాటు మనకు బాగా ఉంది. బోరునీటిలోని లవణాలు సన్నని గొట్టాల్లో పేరుకుని దారి మూసేస్తాయి. నీరు ప్రవహించదు, ఇంజిన్ కాగుతుంది. అప్పుడు కొందరు మెకానిక్కులు థర్మోస్టాట్ పీకేసి “ఇక వేడెక్కదు” అని పంపేస్తారు. అది జ్వరానికి థర్మామీటరు విరగ్గొట్టినట్టే. కొన్నాళ్లకు హెడ్ గాస్కెట్ పోతుంది. కొనేముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ మూత తీసి లోపలివైపు చూడాలి. పాలకాఫీ రంగులో చిక్కటి నురగ అంటుకుని ఉంటే ఆయిల్లోకి నీరు చేరే అవకాశం ఉంది. పొగ గొట్టం కూడా మాట్లాడుతుంది. నీలి పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, అంటే బోరుకొచ్చింది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ వదలకుండా వస్తుంటే కూలెంట్ మండుతోంది. పెట్రోలు బండికి నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ పోతోంది. పొద్దున్నే మొదటి స్టార్టు చూడాలంటారు అనుభవజ్ఞులు. కొనేవాళ్లు వచ్చేసరికి బండి అప్పటికే స్టార్టు చేసి, వేడిగా సిద్ధంగా ఉందంటే, ఎందుకు సిద్ధం చేశారో అడగాలి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం బండ్లకు మరో బెడద తుప్పు. ఉప్పుగాలి పైన రంగు జోలికి పోకుండా కింద నుంచి తినుకుంటూ వస్తుంది. తలుపుల అడుగు అంచులు, కాళ్ల కింది రేకు, స్టెప్నీ టైరు గొయ్యి చూడాలి. కార్పెట్ ఎత్తకుండా కొన్నవారు తరవాత టింకరింగ్ షెడ్డులో రోజులు గడుపుతారు. తుప్పు మీద పుట్టీ పెట్టి రంగు కొడితే కంటికి కనిపించదు, చిన్న అయస్కాంతం ఆ చోట అతుక్కోదు.

వరదలు మరీ కొత్త సమస్య తెచ్చిపెట్టాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ నీళ్లలో నిలబడిన కార్లు ఏమయ్యాయి? కొన్ని తుక్కుకు పోయాయి. మిగిలినవి కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి, వేరే ఊళ్లో, వేరే జిల్లాలో అమ్మకానికి వచ్చాయి. మునిగిన కారులో యంత్రం కంటే ముందు వైరింగు పోతుంది, అదీ ఆర్నెల్లకో ఏడాదికో, కనెక్టర్లలో పచ్చ చిలుము పట్టాక. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగితే చివరి అడుగులో బురద గీత కనిపిస్తుంది. దాన్ని కడగాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఇంతవరకు చెప్పినవన్నీ డబ్బుతో పోయే జబ్బులు. ఎంత డబ్బు అన్నదే తేడా. ఇక్కడ చాలామందిని దెబ్బతీసే విషయం ఒకటుంది. కారు ధర ఏటేటా పడిపోతుంది గానీ, దాని విడిభాగాల ధర పడిపోదు. పదేళ్ల కిందట నలభై లక్షలు పలికిన జర్మన్ కారు ఇవాళ ఏడెనిమిది లక్షలకు వస్తుంది. కొత్త స్విఫ్ట్ ధరకే! కానీ దాని సస్పెన్షన్, గేరుబాక్సు, హెడ్‌లైటు ఇప్పటికీ నలభై లక్షల కారువే. ఆధునిక డీజిల్ కార్లకూ కొంతమేర ఇదే వర్తిస్తుంది. ఇంజెక్టర్లు, టర్బో, పెద్ద కార్లలో బరువైన జంట ఫ్లైవీలు ఒకేసారి పోతే, కారు కొన్న డబ్బులో పెద్ద ముక్క ఒక్క బిల్లులోనే పోతుంది. రోజుకు పది కిలోమీటర్లు తిరిగే ఇంటికి పాత డీజిల్ కారు అనవసరం.

దేశం వదిలిపోయిన కంపెనీల బండ్లది ఇంకో రకం ఇబ్బంది. జనరల్ మోటార్స్ 2017 చివరికి ఇక్కడ షెవర్లే అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఉత్పత్తి మానేస్తున్నట్టు ప్రకటించింది. ఈ కార్లు మంచివి కావని కాదు. ఫిగో, ఐకాన్ నడిపినవాళ్లు వాటి స్టీరింగును ఇప్పటికీ పొగుడుతారు. కానీ గుద్దుకున్న బంపరుకో, పగిలిన తలుపు అద్దానికో విజయవాడ ఆటోనగర్‌లో తుక్కు షాపుల చుట్టూ తిరగాలి. దొరికితే అదృష్టం, దొరక్కపోతే ఢిల్లీ నుంచి పార్సిల్. అదే మారుతి 800కు 2014 జనవరిలోనే ఉత్పత్తి ఆగిపోయినా, పాతిక లక్షలకు పైగా తయారైన బండి కావడంతో మండల కేంద్రంలో కూడా ఏదో ఒక షాపులో విడిభాగం దొరుకుతుంది. పాత కారు కొనేటప్పుడు నచ్చిన కారు కంటే, మన ఊరి మెకానిక్కుకు తెలిసిన కారు మేలు.

ఇక కాగితాలు. సొంత కారు రిజిస్ట్రేషన్‌కు, జనం సి బుక్ అని పిలిచే దానికి, ఆయుష్షు పదిహేనేళ్లు. తరవాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. మన శాంత్రోకు 2025లో ఆ గడువు తీరింది. 2022 ఏప్రిల్‌కు ముందు ఈ రెన్యువల్ ఫీజు 600 రూపాయలు. అప్పటి నుంచి 5,000. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో కేంద్రం దాన్ని 10,000 చేసింది. దీనిపైన రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. గడువుకు అరవై రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆలస్యమైతే నెలకు 500 చొప్పున అదనం. ఏడాదిన్నర కిందటే గడువు తీరిన బండిని “రెన్యువల్ చిన్న పని సార్” అంటూ అంటగట్టేవాళ్లు ఈ లెక్క చెప్పరు. పైగా బండిని ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్లి ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. ఛాసిస్ మీద చెక్కిన నెంబరు తుప్పుకు చెరిగిపోయి ఉంటే అక్కడే మొదలవుతుంది అసలు తిరుగుడు.

ఢిల్లీలో పదేళ్ల డీజిలు, పదిహేనేళ్ల పెట్రోలు బండ్లు తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అన్నది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. ఆ తరవాత ఆ వ్యవహారం కోర్టుల్లో మలుపులు తిరుగుతూనే ఉంది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి నిషేధం లేదు, ఫిట్‌గా ఉంటే తిప్పుకోవచ్చు. అందుకే ఢిల్లీ కార్లు చవగ్గా హైదరాబాద్ దిగుతాయి. చూడ్డానికి బేరం బాగుంటుంది. అయితే అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తేవాలి, ఏడాదికి మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నెంబరు తీసుకోవాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఇవన్నీ కలిపాక ఢిల్లీ బండి ధర హైదరాబాద్ బండి ధరకు చేరువవుతుంది. ఎన్‌ఓసీ లేకుండా కొన్నవారికి మిగిలేది పరాయి నెంబరు ప్లేటూ, చెక్‌పోస్టు భయమూ.

పేరు మార్పిడి విషయంలో కొన్నవారి కంటే అమ్మినవారే ఎక్కువ అజాగ్రత్తగా ఉంటారు. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లిపోతారు. కన్సల్టెన్సీ వాళ్లకు అదే కావాలి, బండి ఇంకో ముగ్గురి చేతులు మారినా సి బుక్‌లో పాత పేరే ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చిన కేసు ఒకటి ఇలాంటిదే. ఒక యజమాని కారు అమ్మేశాడు, అది ఒకరి నుంచి ఒకరికి పోయింది, రిజిస్ట్రేషన్ మాత్రం ఎవరూ మార్చుకోలేదు. 2009లో అది ప్రమాదం చేసి ఒక ప్రాణం పోయింది. ఎప్పుడో అమ్మేశానని మొదటి యజమాని వాదించినా, రికార్డులో పేరున్నవాడే చట్టం దృష్టిలో యజమాని, పరిహారం అతనే కట్టాలని కోర్టు చెప్పింది. మోటారు వాహన చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి, కొన్నవారు ముప్ఫై రోజుల్లో మార్చుకోవాలి. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు క్లియరెన్స్ కాగితం కూడా ఉండాలి. సి బుక్‌లో బ్యాంకు పేరు చెరగకపోతే కారు మీద బ్యాంకు హక్కు ఇంకా ఉన్నట్టే. పాత చలాన్లు కూడా బండి నెంబరు వెంటే వస్తాయి. కొనేముందు ఐదు నిమిషాలు ఫోనులో చూసుకుంటే సరిపోయే పనికి, తరవాత పది వేలు కట్టినవాళ్లున్నారు.

బీమాలో కూడా పాత కారుకు ఒక చిక్కుంది. థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, లేకుండా మొదటిసారి దొరికితే రెండు వేలు జరిమానా. 2022 జూన్‌లో నిర్ణయించిన ప్రీమియం ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, పదిహేను వందల సీసీ దాకా 3,416, ఆపైన 7,897. వీటికి 18 శాతం జీఎస్టీ అదనం. అంటే 796 సీసీ ఆల్టోకూ, 1,086 సీసీ శాంత్రోకూ మధ్య, వెయ్యి దాటిన ఆ 86 సీసీల కోసం ఏటా పదమూడు వందలకు పైగా తేడా. ఫుల్ బీమా తీసుకున్నా, పదేళ్లు దాటిన కారుకు క్లెయిము వస్తే ఇనుప భాగాల ధరలో సగమే ఇస్తారు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకైతే ఏ వయసులోనైనా సగమే. ఒక్క అద్దానికి మాత్రం కోత లేదు. మరో మాట, అమ్మేవారి నో క్లెయిమ్ బోనస్ కారుతో పాటు రాదు. అది మనిషిది, బండిది కాదు.

లెక్క వేసి చూద్దాం. శాంత్రోను లక్షా ఇరవై వేలకు కొన్నారనుకుందాం. మొదటి ఏడాదిలోనే నాలుగు టైర్లకు పదహారు వేలు, బ్యాటరీకి నాలుగున్నర వేలు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు కలిపి ఆరు వేలు, క్లచ్ ఎనిమిది వేలు, సస్పెన్షన్ ఎనిమిది వేలు, రేడియేటరు పనికి ఐదు వేలు. ఊరిని బట్టి, మెకానిక్కును బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి. కలిపితే నలభై ఏడున్నర వేలు. అంటే ఆ కారు అసలు ధర లక్షా అరవై ఏడు వేల అయిదు వందలు. బేరమాడేటప్పుడు ఈ నలభై ఏడున్నర వేలూ మనసులో ఉంచుకోనివారు తరవాత కారును తిడతారు.

ఆ తరవాత? ఏటా సర్వీసుకు, చిల్లర పనులకు పాతిక వేలు పక్కన పెట్టుకుంటే చాలావరకు గడుస్తుంది. ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు, లీటరుకు పద్నాలుగు చొప్పున 571 లీటర్ల పెట్రోలు. హైదరాబాద్ ధర లీటరుకు 107 అనుకున్నా అరవై ఒక్క వేలు. అదే కారు కొత్తలో పదహారు ఇచ్చేదనుకుంటే, వయసు వల్ల పెరిగిన పెట్రోలు ఖర్చు ఏడున్నర వేలే. మైలేజీ కోసం పాత కారు అమ్మి కొత్తది కొంటున్నామనేవారి లెక్క ఇక్కడ తేలిపోతుంది. ఎందుకంటే ఆరు లక్షల కొత్త కారు విలువ, బీమా కంపెనీల సొంత పట్టిక ప్రకారమే, ఐదో ఏటికి సగమవుతుంది. ఏటా అరవై వేలు నిలబడిన చోటే కరిగిపోతాయి. ఆ డబ్బు చేతి నుంచి పోయినట్టు కనపడదు కాబట్టి నొప్పి తెలియదు. పాత కారు రిపేరు డబ్బు మెకానిక్ చేతిలో పెట్టాలి కాబట్టి తెలుస్తుంది. రూపాయల్లో చూస్తే జాగ్రత్తగా ఎంచుకున్న పాత చిన్న కారుదే గెలుపు, అందులో అనుమానం లేదు.

రూపాయల్లో రానిది ఒకటుంది. కార్లన్నిటికీ ఏబీఎస్ బ్రేకులు 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ ఆ ఏడాది జులై నుంచి తప్పనిసరి అయ్యాయి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800, ఐ10, నానో, ఫిగో, పోలోలను గుద్దించి చూస్తే పెద్దల భద్రతలో ఐదింటికీ సున్నా స్టార్లు వచ్చాయి. ఊళ్లో కూరగాయలకు వెళ్లే కారుకు ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. నెలనెలా కుటుంబంతో హైవే ఎక్కే కారుకు మాత్రం ఇదే మొదటి విషయం కావాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న పాత కార్లకూ ఒక పరీక్ష ఉంది. జపాన్ కంపెనీ తకాటా చేసిన ఎయిర్‌బ్యాగుల్లోని పేలుడు మందు వేడికీ తేమకూ ఏళ్ల తరబడి చెడిపోయి, తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు విసిరే ప్రమాదం బయటపడింది. హోండా 2016 జులైలో ఒక్క విడతలోనే దేశంలో దాదాపు లక్షా తొంభై వేల పాత సిటీ, జాజ్, సివిక్, సీఆర్‌వీ కార్లను వెనక్కి పిలిచి ఉచితంగా మార్చింది. ఆ పిలుపు మొదటి యజమాని చిరునామాకు వెళ్లింది. మూడో యజమానికి తెలిసే దారి లేదు. కోస్తా ఉక్కపోతలో తిరిగే పాత సిటీ కొన్నవారు కారు గుర్తింపు నెంబరు పట్టుకుని కంపెనీ షోరూముకు వెళ్లి అడగాలి. మార్చకపోయి ఉంటే ఇప్పటికైనా మార్పించుకోవాలి.

చివరికి ఏదో ఒక ఏట రెన్యువల్‌లో బండి నెగ్గదు, లేదా నెగ్గించే ఖర్చు బండి ధరను మించుతుంది. అప్పుడు వీధిలో తుక్కువాడికి ఇచ్చేస్తే ఆర్టీవో రికార్డులో ఆ బండి బతికే ఉంటుంది. దాని నెంబరుతో ఇంకెవరేం చేసినా నోటీసు పాత ఇంటికే వస్తుంది. 2021 ఆగస్టులో మొదలైన కేంద్ర తుక్కు విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రాలున్నాయి. అక్కడ అప్పగిస్తే ఛాసిస్ నెంబరున్న ముక్కను కోసేసి, రిజిస్ట్రేషన్ రద్దు చేయిస్తారు, డిపాజిట్ పత్రం ఒకటి ఇస్తారు. ఆ పత్రంతో కొత్త సొంత కారు కొంటే, రాష్ట్రం ఇచ్చే దాన్ని బట్టి, రోడ్డు ట్యాక్సులో 25 శాతం దాకా రాయితీ దొరుకుతుంది. కొత్త కారు కొనే ఉద్దేశం లేకపోతే ఆ పత్రాన్ని కొనేవారికి బదిలీ చేసి సొమ్ము చేసుకోవచ్చు. తుక్కుగా తూకం వేస్తే శాంత్రో లాంటి కారు దాదాపు 850 కిలోలు తూగుతుంది. అందులో పనికొచ్చే బ్యాటరీ, మంచి టైర్లు, స్టీరియో లాంటివి అప్పగించే ముందే విప్పి తెచ్చుకోవచ్చా, వాటికి విడిగా ధర కడతారా అన్నది ఆ కేంద్రంలో ముందే మాట్లాడుకోవాలి.